జరగబోయేది ముందే చెప్పిన మత్తు డాక్టరమ్మ

పొద్దున పేడ ఎత్తి చేతులు కడుక్కుంటూ ఉంటే, ఇంట్లో నుంచి టకటకమని ఒక చప్పుడు వినబడింది. మా కూతురు భారతి అటక సర్దుతూ పాత సామాన్లన్నీ కిందికి దించింది. వాటిలో పక్కింటి పాపకు మూడు గుండ్ల ప్లాస్టిక్ డబ్బా దొరికింది. దాని గొట్టం నోట్లో పెట్టుకొని బుగ్గలు ఉబ్బించి ఊదుతూ ఉంది. "ఊదేది కాదు పాపా, పీల్చేది" అన్నాను. పాప పీల్చింది. మూడు అరల్లో గుండ్లు పైకి లేచి, టకటకమని కిందికి పడ్డాయి. ఆ చప్పుడు చెవిన పడగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. "మునెమ్మా, ఇంకొక్క తూరి. పక్కటెముకల కింద నుంచి పీల్చు" అనే గొంతు పక్కనే ఉన్నట్టు వినబడింది. గుండె ఆపరేషన్ అయినవాళ్ళకు ఊపిరి బాగా నిండడానికి ఇచ్చే డబ్బా అది. నాకు ఇచ్చిన మనిషి గురించి చెప్పాలని చాలా రోజుల నుంచి మనసులో ఉంది. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తా ఉంటే మా భారతి రాస్తా ఉంది.

ఆమె పేరు షమీమ్. కుప్పంలో ఒక ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. పుట్టి పెరిగింది మదనపల్లెలో. వాళ్ళ నాయనకు అక్కడ బస్టాండు దగ్గర గోలీసోడా అంగడి ఉండేదట. మనిషి పొట్టి. నడక మాత్రం, కోడి పిల్లల్ని వెంటేసుకొని పోయినట్టు, వెనకాల నలుగురు పరిగెత్తాల్సినంత వేగం. మాటకొస్తే మన మాటే. పెద్ద చదువులు చదివినా నాలుక మీద మదనపల్లె పోలేదు.

నేను పుంగనూరు పక్క పల్లెలో కాపురం చేసినదాన్ని. మా ఆయన రెడ్డెప్ప చింతపండు రాల్చడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడి చనిపోయాడు. అప్పటికి భారతి నా కొంగు పట్టుకొని తిరిగే పిల్ల. ఏడ్చిందంతా ఏడ్చి, గంప ఎత్తుకున్నాను. తోటకూర, చిర్రాకు, మెంతికూర, కొత్తిమీర. పుంగనూరు వీధుల్లో ఆకుకూరలు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ నాకు ఒకటి కలిసొచ్చింది. అది నా గొంతు. చిన్నప్పటి నుంచీ బొంగురే. పెళ్ళిచూపులకొచ్చిన రోజే మా అత్త గంగులమ్మ, "ఈ పిల్ల మాట్లాడతాంటే మొద్దుకి రంపం పెట్టినట్టుండాది" అన్నదంట. ఆ రంపం గొంతే నాకు అన్నం పెట్టింది. వీధి ఈ కొసన నిలబడి "ఆకుకూరా" అని ఎత్తితే, ఆ కొసన మిద్దె మీద బట్టలు ఆరేసే ఆమె కిందికి తొంగి చూసేది.

అట్లాంటి గొంతు మధ్యలో తెగిపోవడం మొదలుపెట్టింది. "ఆకు" అనేసరికి ఊపిరి అయిపోయేది. "కూర" అనడానికి గోడ పట్టుకొని నిలబడేదాన్ని. పాదాలు వాచాయి. పడుకుంటే దగ్గు. మదనపల్లెలో డాక్టరు చూసి, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చిందని చెప్పాను. ఆ జ్వరమే గుండె లోపల వాల్వు అనే ఒక తలుపును బిగదీసిందని, దాన్ని తీసి కొత్తది పెట్టాలని, కుప్పానికి పొమ్మని అన్నాడు. గుండె కోస్తారంటే భయం లేకపోలేదు. దానికంటే పెద్ద భయం నాతోపాటు సంతలో కూర్చునే ఒకామె పెట్టింది. "మత్తిచ్చి గొంతులో గొట్టం దూరుస్తారంట మునెమ్మా. మా చుట్టాలామెకి మాటే రాలేదు" అనింది. నేను ఒక లెక్క వేసుకున్నాను. గుండె పోతే నేను పోతాను. గొంతు పోతే నేను ఉండీ నా బిడ్డ పస్తు ఉంటుంది. ఏది మేలో తేలక, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో అత్త పక్కన మాట్లాడకుండా కూర్చున్నాను.

ఆసుపత్రిలో చేరిన మరునాడు షమీమ్ డాక్టరమ్మ వచ్చింది. మంచం పక్కకు స్టూలు లాక్కొని కూర్చుంది. నోరు తెరవమని లోపల దీపం వేసి చూసింది. పండ్లన్నిటినీ వేలితో కదిలించి చూసింది. మెడ వెనక్కి వంచమంది, పక్కలకు తిప్పమంది. మా అత్తకు ఓపిక అయిపోయింది.

"ఏందమ్మా, గుండె ఈడ పెట్టుకోని నోట్లో ఎతుకుతాండావు?"

"ఊపిరి పోయే దావ ఇదే కదా పెద్దమ్మా. బండి తోలేముందు దావలో రాళ్ళుండాయేమో సూసుకోవద్దా?" అంది డాక్టరమ్మ నవ్వకుండా.

"కోసేది మీరేనా?" అని నేను అడిగాను.

"కోసేది సర్జన్ సారు. నిన్ను నిద్ర పుచ్చేది, లేపేది నేను. మా నాయన సోడాబుడ్లకి గ్యాసు ఎక్కించినాడు, నేను మనుషులకి ఎక్కిస్తాండా. ఇంటి యాపారం ఇడిసిపెట్టలేదు."

అప్పుడు ధైర్యం తెచ్చుకొని అడిగేశాను. "గొట్టం పెడితే నా గొంతు పోతాదా అమ్మా? గంప నెత్తినుంటే సరిపోదు. అరస్తేనే నాకు బతుకు. ఇంటికాడ ఆడపిల్ల ఉండాది."

ఇంకెవరైనా అయితే నా భుజం తట్టి పోయేవాళ్ళు. ఆమె స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. "గొట్టం పెట్టేది నిజం. లేసినాక గొంతు మండతాది. ముందు మాట రాదు. తర్వాత గుసగుసగా వస్తాది. కొన్నాళ్ళకి మామూలవుతాది, శానామందికి అట్లే అయింది. అందరికీ అవుతాదని మాత్రం అబద్ధం సెప్పను. నీ గొంతుకి సరిపోయే గొట్టం నేనే ఎంచుతా, నేనే మెత్తగా పెడతా. అంతవరకు నా పూచీ."

తర్వాత మిగిలిందంతా చెప్పింది. లోపల గది చల్లగా ఉంటుందని, మణికట్టు దగ్గర సన్నని సూది పెడతారని, మెడ దగ్గర పెట్టేది నిద్రపోయాకే కాబట్టి తెలియదని. నా ఊపిరిని ఒక మిషన్ తీస్తుందని, నా రక్తాన్ని ఇంకో మిషన్ తిప్పుతుందని, అప్పుడు గుండెను ఆపుతారని.

"ఆపుతారా?" అని మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆపకుండా కుట్లెట్ల ఏస్తారు పెద్దమ్మా? కొత్త తలుపు పెట్టినాక మళ్ళీ నడిపిస్తాం. సర్జన్ సారు సూపంతా గుండె మీద ఉంటాది. నా సూపు మునెమ్మ మీద ఉంటాది. దాని తలాపునే నిలబడతా."

మేలుకునేటప్పుడు ముందు చెవులు వస్తాయని, మిషన్ ఇచ్చే గాలితో కొట్లాడకుండా తీసుకోమని కూడా చెప్పింది. చివరికి ఇంకొక సంగతి వచ్చింది. మేలుకున్నాక గొట్టం తీసేదాకా మాట రాదు గదా, చదువుకున్నవాళ్ళకైతే పలక మీద రాయమంటారట. నాకు సంతకమే వస్తుందన్నాను. ఆమె, "మిద్దె మీదుండే గిరాకీతో ఎట్ల మాట్లాడతావు?" అని అడిగింది. చేతులతో చెప్తానని చూపించాను. ఎన్ని కట్టలు కావాలో వేళ్ళతో, సరుకు అయిపోతే చెయ్యి అటూ ఇటూ ఊపి. "సరే, అదే భాష పెట్టుకుందాం. ఒక కట్ట అంటే నొప్పి. రెండు కట్టలంటే దాహం. చెయ్యి ఊపితే గాలి ఆడలేదని. నర్సులకి నేను నేర్పుతా" అంది. నేర్పింది కూడా. ఆ సాయంత్రం ఒక నర్సమ్మ మంచం దగ్గరికి వచ్చి, రెండు వేళ్ళు చూపించి, "దాహం కదా?" అని నాకే పరీక్ష పెట్టిపోయింది.

ఆపరేషన్ రోజు వచ్చింది. అప్పటి సంగతి చెప్తే ఇప్పటికీ మా వీధిలో నవ్వుతారు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నారు. ఒక్కపొద్దులు ఉండడం మాకు కొత్తా? అత్త కూడా నాతోపాటు ఉంది. తెల్లారి మొదటి బస్సుకు అత్త తమ్ముడు ఊరి నుంచి దిగాడు. చేతిలో టిఫిన్ క్యారియరు. మా ఊరి గంగమ్మకు నా పేరున మొక్కి, అమ్మవారి ముందు పెట్టిన అంబలి తెచ్చాడు. రాగిపిండి, నూకలు, మజ్జిగ, ఉల్లిపాయ. ఒక్కపొద్దున్న రోజు తిండి తినకూడదు గానీ ప్రసాదం తిండి కిందికి రాదు. పుట్టినప్పటి నుంచి మాకు తెలిసింది అంతే. కాదంటేనే తప్పు. కళ్ళకద్దుకొని తాగాను. తర్వాత వార్డు నర్సమ్మ వచ్చి, "ఏమన్నా తిన్నావా?" అంది. "లేదమ్మా, ఒక్కపొద్దు ఉండా" అన్నాను. నా మనసులో అది నిజమే.

ఆపరేషన్ గది తలుపు దగ్గర షమీమ్ డాక్టరమ్మ నన్ను తోసుకొస్తున్న బండి ఆపింది. తిన్నావా అని అడగలేదు. అట్లా అడిగితే అందరూ లేదనే అంటారని తర్వాత ఎప్పుడో నాతో అంది.

"మునెమ్మా, లేసినకాడ్నుంచి నాలిక మీద ఏమేమి పడిందో వరసగా సెప్పు."

"ఏమీ పడలేదమ్మా. గంగమ్మ అంబలి ఒక గుక్క, అంతే."

"గుక్కా? గలాసా?"

"గలాసు."

"ఎంత గలాసు?"

నేను చేత్తో చూపించాను. ఆమె తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుంది. కోపం లేదు ముఖంలో. "గంగమ్మకి తెలుసు అది ప్రసాదమని. నీ కడుపుకి తెలీదు. దానికి అది రాగిగంజే. నువ్వు మత్తులో ఉన్నప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే, ఎంత మంచి తలుపు పెట్టినా నిన్ను లేపలేను. రేపు సేద్దాం" అంది. లోపల అంతా సిద్ధం చేసుకొని ఉన్నారు. సర్జన్ సారు బయటికి వచ్చి ఏం తినిందని అడిగాడు. ప్రసాదం అని ఆమె చెప్పింది. "అయితే ఎవరి మీద కోప్పడేది?" అని ఆయన లోపలికి పోయాడు.

మా అత్త వరండాలో కూలబడింది. గడప దాకా పోయిన మనిషి వెనక్కి వచ్చిందని, అపశకునమని, గంగమ్మకే ఇష్టం లేదేమోనని ఏడుపు. డాక్టరమ్మ ఆపరేషన్ గది పచ్చబట్టలతోనే వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"యాల ఏడుస్తావు పెద్దమ్మా? ఆ తల్లే మునెమ్మ నోట నిజం సెప్పించింది. ఇంకేం కావాల? క్యారేజీలో మిగిలిందా?"

అత్త కళ్ళు తుడుచుకుంది. "ఉండాదమ్మా. మీరు తాగొచ్చునా?"

"గంగమ్మ జాతరకి అంబలి పోయకుండా మా ఈదిలో మమ్మల్ని ఎవరు ఇడిసిపెట్టినారు? ఈ పొద్దు నీ కోడలి బదులు నేను తాగుతాను. రేపు కూడా వస్తే నాకే పొయ్యాల, దానికి కాదు."

క్యారియరు మూతలో పోసుకొని తాగింది. ఉల్లిపాయ ముక్క కొరుకుతూ, ఉప్పు కొంచెం తక్కువైందని కూడా చెప్పింది. మొక్కు చెల్లిపోయింది, అపశకునం పోయింది. ఆ పూట నుంచి మా అత్త నా నోటి దగ్గర కాపలా కూర్చుంది. చూడడానికి వచ్చిన చుట్టాలను మంచం దగ్గరికి రానిచ్చే ముందు, "సేతులు సూపించండి" అనేది. పాపం ఆమె తమ్ముడు తువ్వాలు కూడా దులిపి చూపించాల్సి వచ్చింది.

మరునాడు అంతా ఆమె చెప్పిన వరసలోనే జరిగింది. గది చల్లగా ఉంది. మణికట్టు దగ్గర సూది చురుక్కుమంది. ముఖం మీద మూత లాంటిది పెట్టారు, కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూడబోతే ఆమె నా తలాపునే ఉంది. కింది నుంచి చూస్తే ముఖం తలకిందులుగా కనబడింది. "మునెమ్మా, కొత్తిమీర తాజాదేనా?" అంది. "ఇప్పుడే కోసుకొచ్చినా" అని చెప్పబోయాను. ఆ మాట నోట్లో నుంచి బయటికి వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ మేలుకునేటప్పుడు ముందు వచ్చినవి చెవులు. ఏదో మిషన్ కూత. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. కళ్ళు తెరుచుకోలేదు. నోట్లో గొట్టం తగిలింది. నా లెక్కన కాకుండా రొమ్ము తనంతట తాను పైకి లేస్తోంది, దిగుతోంది. ఒక్క క్షణం ప్రాణం గిలగిలలాడింది. లాగిపారేద్దామని చెయ్యి కదిలించాను. అప్పుడు గుర్తొచ్చింది. చెవులు ముందు వస్తాయని ఆమె చెప్పింది. ఊపిరి మిషన్ తీస్తుందని చెప్పింది. దానితో కొట్లాడకుండా, అది ఇచ్చినప్పుడు తీసుకోమని చెప్పింది. చెప్పినవన్నీ ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయంటే, నేను చావలేదు. నేను ఆమె చెప్పిన దారిలోనే నడుస్తున్నాను. చెయ్యి దించేశాను. మిషన్ ఇచ్చిన గాలి తీసుకున్నాను.

"మునెమ్మా, ఆపరేషన్ అయిపోయింది. గుండె బాగా నడస్తాండాది. నొప్పి ఉండాదా?" షమీమ్ డాక్టరమ్మ గొంతు అది.

ఒక వేలు ఎత్తాను. తర్వాత ఇంకో వేలు కూడా ఎత్తాను.

"సూడండి, లేస్తానే బేరం మొదలుపెట్టింది" అని ఆమె పెద్దగా నవ్వింది. చుట్టూ ఉన్న నర్సులు కూడా నవ్వారు. కళ్ళు తెరవకముందే నేను గెలిచానని నాకు ఆ నవ్వుతో తెలిసింది.

గొట్టం తీశాక మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె ముందే చెప్పింది గనుక ఏడవలేదు. మూడు గుండ్ల డబ్బా ఇచ్చి, దిండు రొమ్ముకు హత్తుకొని దగ్గమని నేర్పించింది. ఇంటికి పంపే రోజుకు గుసగుస వచ్చింది. గొంతు డాక్టరుకు కూడా చూపించి, లోపల నరాలు కదులుతున్నాయని, కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా గంప ఎత్తొద్దని, అరవొద్దని చెప్పింది. అరిచే రోజు మాత్రం ముందు తనకు ఫోన్ చేయమంది.

ఆ కాలమంతా మా అత్తే గంప ఎత్తుకుంది. ఆమె గొంతు పిల్లికూన గొంతు. వీధిలోకి పోయి "ఆకూ" అంటే పక్కన నిలబడిన వాళ్ళకు కూడా వినబడేది కాదు. సగం సరుకు వాడిపోయి ఇంటికి వచ్చి ఆవు ముందు పడేది. నేను గుండ్లు పీలుస్తూ చూసేదాన్ని. ముందు ఒక గుండు లేచింది, తర్వాత రెండోది. మూడోది శానా మొండికేసింది. గుసగుస మాటయింది. మాట గట్టిపడింది. లోపల భయం మాత్రం పోలేదు. మాట వేరు, వీధి దాటే కేక వేరు. అది ఉందో లేదో అరిస్తే గానీ తెలియదు.

డాక్టర్లు సరేనన్న తర్వాత ఒక పొద్దున గంప నెత్తిన పెట్టుకొని పుంగనూరు బజారు వీధి మొదట్లో నిలబడ్డాను. అత్త చేతిలో ఫోన్ పెట్టి షమీమ్ డాక్టరమ్మకు చేయించాను. "వింటాండా, కానీ" అంది ఆమె. పక్కటెముకల కింద నుంచి గాలి పీల్చాను. అది ఇంతకు ముందెన్నడూ పోనంత లోపలికి పోయింది. ఎత్తాను.

ఆకుకూరా, తోటకూరా, చిర్రాకూ, కొత్తిమీరా.

ఎక్కడా తెగలేదు. ఊపిరి అయిపోలేదు. పైగా కొసన ఇంకా కొంచెం మిగిలింది. ముందు ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత వరసగా తెరుచుకున్నాయి. మిద్దె మీది ఆమె కిందికి వంగి, "ఓసి మునెమ్మా, నువ్వా? సచ్చిపోయినావన్నారు కదే" అంది. "సచ్చినోళ్ళు ఇంత గట్టిగా అరస్తారా అక్కా" అన్నాను. మా భారతి అప్పుడు వీధి వెనకాల బడిలో లెక్కలు చేస్తూ ఉంది. పలక కింద పెట్టి, "అది మా అమ్మ" అని లేచి నిలబడిందంట. పంతులమ్మ కూర్చోమనలేదంట. ఫోన్‌లో డాక్టరమ్మ కేకను కొసదాకా వినింది. తర్వాత మెల్లగా, "అదే రంపం. పన్ను కూడా అరగలేదు" అంది. అదెట్లా తెలుసని చూస్తే, పెళ్ళిచూపుల మాట మా అత్త ఆసుపత్రిలోనే ఆమె చెవిన వేసిందంట.

ఇప్పుడు ఆమె కుప్పంలో లేదు. ఉద్యోగం ముగించుకొని మదనపల్లెలోనే ఉంది. ఆ ఊరికి పోయినప్పుడు చూసి వస్తాను. నా గురించి ఎక్కువ మాట్లాడనివ్వదు. నా గుండె కొట్టుకునేది ఒకసారి విని, భారతి ఉద్యోగం సంగతి అడుగుతుంది. నాకు ఆమె ప్రాణం పోసిందని ఊళ్ళో అంటారు. అది నిజమే గానీ, అది ఆమె ఎంతమందికి పోసిందో. నాకు వేరే ఒకటి ఇచ్చింది. మనిషికి రాబోయే కష్టాన్ని దాచిపెట్టి ధైర్యం చెప్పడం కంటే, కూర్చొని విప్పి చెప్పడమే మర్యాద అని నేర్పింది. భారతి పెద్దమనిషి కాకముందే అన్నీ ఆమెకు చెప్పాను. మా అత్త చివరి జబ్బుతో పడుకున్నప్పుడు, తనకేమైందని అడిగితే అబద్ధం చెప్పలేదు. ఆమె చూడాలనుకున్న వాళ్ళందరినీ చూసుకొని, పెట్టాలనుకున్న వాళ్ళందరికీ పెట్టి పోయింది.

ఇప్పుడు పుంగనూరు చుట్టుపక్కల ఎవరికి ఆపరేషన్ అన్నా, ఆడవాళ్ళు ముందు మా ఇంటి అరుగు మీదికి వస్తారు. మొన్న పెద్దపంజాణి నుంచి ఒకామె వచ్చింది. నాకు మార్చినట్టే ఆమెకూ గుండె తలుపు మార్చాలంట. పక్కన కూర్చోబెట్టుకొని, చల్లగది మొదలుకొని గొంతు మంట దాకా, తెలిసిందంతా చెప్పాను. తెలియనిది మత్తు డాక్టరును అడగమన్నాను. అడగడానికి సిగ్గుపడొద్దన్నాను. ఆమె అంతా వినింది.

"అక్కా, మా ఇంట్లో అందరూ ఏం కాదు, ఏం కాదు అంటాండారు. వాళ్ళట్ల అనేకొద్దీ నాకు బయం ఎక్కువవుతాండాది. ఏమవుతాదో సెప్పింది నువ్వొకదానివే" అంది. కొంగు సర్దుకొని లేచింది. "పోయొస్తా. పోయి సేయించుకోని వస్తా."

ఆమెను బస్సెక్కించాను. బస్సు మలుపు తిరిగాక గంప ఎత్తుకొని బజారు వీధిలోకి వచ్చి కేక వేశాను. ఆ పొద్దు మెంతికూర మొదటి వీధిలోనే అయిపోయింది.